ఇప్పచెట్టు పట్టుకున్న సారు

జహీరాబాద్‌లో ఓ ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పే కోటేశ్వరరావుది బాపట్ల వైపు. అడవంటే ఆయనకు ప్రాణం. డిసెంబరులో ఓ శనివారం పొద్దున్నే ఇరవై మంది తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సెక్కించి కోహీర్ అవతలి గుట్టకు బయలుదేరాడు. ఎండెక్కేలోపు గుట్ట ఎక్కి దిగడం, దిగాక ఉప్మా తినడం, అంతే కార్యక్రమం. పిల్లల్ని తీసుకెళ్లినట్టే తెచ్చి అప్పగిస్తానని తల్లిదండ్రులందరికీ మాటిచ్చాడు.

బస్సులో తలా ఒక ఈల పంచి, ఒకే ఒక నియమం చెప్పాడు. "దారి తప్పితే అటూ ఇటూ తిరక్కండి. దగ్గర్లో ఉన్న చెట్టుని గట్టిగా పట్టుకుని, మూడుసార్లు ఈల ఊది, నేనొచ్చేదాకా అక్కడే ఉండండి."

గుట్ట మొదట్లో దిగేసరికి మంచు పాలనురుగులా కమ్ముకుంది. ఎర్రమట్టి దారి నాలుగడుగుల తర్వాత కరిగిపోతోంది. మోదుగ చెట్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి, పలకరించినట్టు ఆగి, వెనక్కి తప్పుకుంటున్నాయి. ఎప్పుడూ గోల చేసే పిల్లలు గుసగుసలాడుతూ నడిచారు. ఎక్కడో నెమలి కూసింది. కోటేశ్వరరావు కలలో నడిచినట్టు దాని వైపు నాలుగడుగులు వేశాడు. వెనక్కి తిరిగితే దారి లేదు, పిల్లలూ లేరు.

సిగ్గనిపించినా నియమం నియమమే. పక్కనున్న ఇప్పచెట్టును కావలించుకుని మూడుసార్లు ఈల ఊదాడు.

అందరికంటే ముందు నడుస్తున్న వర్షిత అది విని ఉలిక్కిపడింది. ఎవరో తప్పిపోయారు. చుట్టూ చూస్తే ఆమెకు ఎవరూ కనబడలేదు. అంటే తప్పిపోయింది తనే. వెంటనే ఓ వేపచెట్టు పట్టుకుని ఈల ఊదింది. మిగతా పిల్లలకూ అదే అనుమానం వచ్చింది. రెండు నిమిషాల్లో గుట్టంతా ఈలలు. ఇరవై మందీ ఇరవై దిక్కుల్లో తప్పిపోయారనుకున్నాడు కోటేశ్వరరావు. చెట్టును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మేకలు తోలుకొని అటొచ్చిన పక్కూరి యాదమ్మ ఆయన్ని చూసి ఆగింది. గుట్ట కింది చెట్లు కొట్టేసి ప్లాట్లు చేస్తారని వారం రోజులుగా ఊళ్లో అనుకుంటున్నారు. లారీ ఈ పొద్దునే వస్తుందని కూడా ఆమెకు తెలుసు.

"ఏంది సారూ, చెట్టును గట్ల పట్టుకున్నవ్?"

"పిల్లలందరూ పట్టుకునే ఉన్నారమ్మా. నేనెలా వదిలేది?" అన్నాడాయన.

యాదమ్మ ఇంకాస్త ముందుకు వెళ్లింది. చెట్టుకొక పిల్ల. ఎంతసేపు ఉంటారని వర్షితను అడిగింది.

"పానం పోయినా ఇడువం అవ్వా. సార్ చెప్పిండు."

సార్ అనకపోయినా ప్రాణం సంగతి వర్షితే కలిపింది. యాదమ్మ మేకల్ని వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది. జహీరాబాద్ పిల్లలు మన చెట్ల కోసం చలిలో నిలబడితే మనం ముసుగుతన్ని పండుకున్నామని ఇంటింటికీ చెప్పింది. అరగంటలో సర్పంచి నర్సింలుతో సహా ఊరంతా గుట్ట కిందికొచ్చి తలా ఒక చెట్టు పట్టుకుంది.

కోత మిషన్లతో లారీ వచ్చింది. మేస్త్రీ గురులింగప్ప దిగి, మంచులో ఎటు చూసినా మనుషులే కనబడేసరికి ఓనరుకు ఫోన్ చేశాడు. ఎంతమంది ఉన్నారని ఓనరు అడిగాడు.

"లెక్క దొరుకుతలేదు. కనవడెటోళ్లు కొందరు, గుట్టమీదినుంచి ఈలలు మస్తు ఇనవడుతున్నయ్."

లారీ అలాగే వెనక్కి వెళ్లిపోయింది.

ఎండ ఎక్కగానే మంచు తెర తీసినట్టు తొలగిపోయింది. ఇరవై మందీ ఒకరికొకరు పిలిస్తే పలికేంత దూరంలోనే ఉన్నారు. కోటేశ్వరరావు నిలబడ్డ చోటికి దారి పదడుగుల దూరమే. ఆయన పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టి, లెక్క సరిపోగానే ఇప్పచెట్టుకు ఆనుకుని ఏడ్చేశాడు. చెట్టు కోసం ఇంతగా ఏడ్చేవాణ్ని చూడలేదని ఊరివాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. నర్సింలు తన భుజాన ఉన్న శాలువా తీసి ఆయనకు కప్పాడు.

"నేను దారి తప్పానండి, అంతే. ఇంకేం చెయ్యలేదు."

"పెద్దోళ్లు గిట్లనే అంటరు," అన్నాడు నర్సింలు.

ఇప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్లో చెట్లకు గొడ్డలి గండం వచ్చినా కోటేశ్వరరావుకే కబురు వస్తోంది. ఆయన కూడా కాదనడు, దారి చూపడానికి మాత్రం ఎవరినైనా ఇంటిదాకా పంపమంటాడు.