వైరాగ్యం కింది అంతస్తుకే

ఉద్యోగికి కావలసింది సెలవు కాదు, వేదాంతం! నవ్వకండి. తూర్పు దేశాల జ్ఞానులు వేల ఏళ్ళు కొండగుహల్లో కూర్చుని కనిపెట్టిన సత్యాలన్నీ ఇన్నాళ్ళకు ఒక వాషింగ్ మెషీన్ల కంపెనీలో, కంప్లైంట్ల సెక్షన్లో అక్కరకొచ్చాయంటే మనం గర్వపడొద్దూ?

ఆ సెక్షన్లో ఏసీ చచ్చిపోయింది. మామూలు కంపెనీ అయితే మెకానిక్‌ని పిలిచేది. ఈ కంపెనీ ప్రశాంతత కోచ్‌ని పిలిచింది. చెప్పుల్లేని కాళ్ళు, చెవికి మైకు, పెదాల మీద చెరగని చిరునవ్వు.

"వేడి గదిలో లేదు, మీ మనసులో ఉంది" అన్నాడాయన. అంతే, రిపేరు అయిపోయింది! టీ మెషీన్ తీసేస్తే, ఖాళీ కప్పే జ్ఞానానికి తొలిమెట్టన్నాడు. కుర్చీల చక్రాలు ఊడిపోతుంటే, లోకంలో ఏదీ స్థిరం కాదన్నాడు. శూన్యవాదం ఇంత తేలిగ్గా, కూర్చున్నచోటే ఇంకెక్కడైనా అర్థమవుతుందా?

ఆ సెక్షన్లో అందరికంటే సీనియర్ని అంతా అక్క అనేవారు. రోజంతా హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ "సారీ అండీ" అంటూ మింగడం ఆమె పని. ఆమెకో చెల్లెలుంది. తల్లి పోయాక జడలు వేసి, చదివించి, పెళ్ళి చేసింది అక్కే. ఆ చెల్లెలికిప్పుడు నెలలు నిండాయి. మరిదికి ఓడ మీద ఉద్యోగం, నడిసముద్రంలో ఉన్నాడు.

అక్క సెలవడిగింది. మేనేజరు నొచ్చుకున్నాడు.

"అమ్మా, మొన్న క్లాసులో ఏం విన్నారు? బంధమే దుఃఖానికి మూలం."

"చెల్లెలు సార్. దానికి నేను తప్ప ఎవరూ లేరు."

"అదే మమకారం! పనేమో ధర్మం. ధర్మం వదిలేసి మమకారం పట్టుకుంటారా?"

ఎంత చక్కటి విభజన! ఇంట్లో ఉన్నదంతా మాయ, ఆఫీసులో ఉన్నదంతా సత్యం. ఇంత సూటిగా పాత ఋషులు కూడా చెప్పలేకపోయారు. పాపం, వాళ్ళకి టార్గెట్లు లేవు.

అక్క తల వంచుకుని సీటుకొచ్చింది. నిజంగానే ప్రయత్నించింది కూడా. కోచ్ చెప్పినట్టు కళ్ళు మూసుకుని, నదిలో కొట్టుకుపోయే ఆకుని ఊహించుకుంది. ఆకుకి బదులు చెల్లెలు కనబడింది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ఎవరి మెషీన్లోనో డ్రమ్ము తిరగట్లేదని ఆమె తిట్లు తింటుండగా సొంత ఫోన్ మోగింది.

"అక్కా... నొప్పులొస్తున్నాయే. పక్కింటామె ఆస్పత్రికి తీసుకొచ్చింది. భయంగా ఉంది. వస్తావుగా?"

అక్క హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. తలుపు దగ్గర మేనేజరు ఎదురయ్యాడు.

"కంగారొద్దమ్మా. ధ్యానం గదిలో కాసేపు కూర్చుని శ్వాసని గమనించండి. అన్నీ సర్దుకుంటాయి."

"శ్వాసని గమనించడానికే వెళ్తున్నా సార్. నా శ్వాస కాదు, మా చెల్లిది."

ఆస్పత్రిలో చెల్లెలు ఆమె చెయ్యి విరిగిపోయేలా పట్టుకుని అరిచింది. "గాలి పీల్చు తల్లీ... వదులు... నేనున్నాగా" అంటూ అక్క కూడా దానితోపాటే పీల్చింది, వదిలింది. క్లాసుల్లో ఎన్నడూ కుదరని ధ్యానం ఆ ఇనప మంచం పక్కన కుదిరింది. మనసులో వేరే ఆలోచన ఒక్కటీ లేదు మరి!

చీకటి పడేలోగా ఆడపిల్ల పుట్టింది.

పొద్దున్నే పై అంతస్తు నుంచి పిలుపు. మేనేజరు గది హాయిగా, చల్లగా ఉంది. పెద్దవాళ్ళ మనసుల్లో వేడి మరీ ఎక్కువ కాబోలు, అక్కడ ఏసీ పనిచేస్తోంది!

పాత కథల్లో వైరాగ్యం కలిగితే రాజు తానే సింహాసనం దిగి అడవికి పోయేవాడు. వాకిట్లో కాపలావాణ్ణి పొమ్మనేవాడు కాదు. ఇప్పుడు మనం ముందుకెళ్ళాం. రాజుగారు సింహాసనం మీదే ఉంటారు. వదులుకోవడం మాత్రం స్టూలు మీద కూర్చున్నవాళ్ళు నేర్చుకోవాలి.

"మాట వినకుండా వెళ్ళిపోయారు. ఈసారి మీకు ప్రమోషన్ లేదు" అన్నాడు మేనేజరు. ఆ తర్వాత గొంతు తగ్గించి, జాలిగా, "ఇన్ని క్లాసులు పెట్టించినా మీకు బంధాలు తగ్గలేదమ్మా" అన్నాడు.

నిద్రలేక అక్క కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అయినా నవ్వింది.

"తగ్గలేదు సార్. నిన్నటినుంచి ఇంకో మూడు కేజీలు పెరిగాయి."