మొదటి బంతికి పక్కా కానూన్

ఓ కొండల్ అల్లుడా! పేపర్ పట్టుకొని పండ్లు ఇకిలిస్తున్నవు గని, జర చెప్పు: మనిషికి కూటి కన్న ముందు ఏం కావాలె? కానూన్ కావాలె! నవ్వకు. నీకు మీసం మొలిచింది గని బుద్ధి ఇంక మొలవలే.

నేను చదివింది నాలుగో జమాత్, గదీ ఉర్దూల. అయినా కానూన్ల సంగతి నన్నడుగు. నిజాం కానూన్ చూసిన, మిలిటరీ కానూన్ చూసిన, మొన్న ఆంధ్రప్రదేశ్ అయినంక కొత్తది గూడ చూస్తున్న. సర్కార్లు మారినయ్ గని, మా చర్చిల మాత్రం ఎన్నటికీ ఒక్కటే సర్కార్: మా అక్క మొగడు, సంఘ పెద్ద దేవదాస్ బావ.

ఆయన కానూన్లు వింటె హైదరాబాద్ వకీళ్లు నల్లకోటు ఇడిసి నాగలి పడ్తరు! చెప్పులు ఇడిస్తె ముక్కులు పడమటి దిక్కుండాలె. ప్రార్థనల దగ్గస్తె ఆమెన్ దాక మింగాలె. తుమ్ముకు మాత్రం మాఫీ ఉన్నది. బావకు పడిశం ఎక్కువ గద!

మా చర్చి పాస్టర్ అయ్యగారేమొ ప్రతి ఐతారం పౌలు ముచ్చట చెప్తడు. అంతియొకయ అని ఒక పట్నం ఉండెనట. ఆడ పేతురు బయటి జాతులోళ్లతోని కలిసి తింటుండెనట. తనోళ్లు నలుగురు రాంగనే భయపడి మెల్లగ లేసి పక్కకు జరిగిండట. పౌలు ఊకుంటడా? అందరి ముంగట నిలవెట్టి అడిగిండు. ధర్మశాస్త్రం పేరు జెప్పి మనుషులను ఇడదీస్తె, మనకచ్చిన స్వతంత్రం ఏ గంగల కలిసిందని! పెద్దమనిషిని గట్ల అడుగుతరా? పాపం పౌలుకు మా బావ అసుంటి బావ లేకపాయె. గందుకే గట్ల తయారైండు.

మా తాన నడుమల లేసే తక్లీఫే లేదు. ముందుగాల్నే ఇడదీసి కూసుండవెడ్తం! మగ్గం నేసే ఇండ్లోళ్లం, తాతల నాడే సంఘంల కలిసినోళ్లం, మొదటి బంతి. చెప్పులు కుట్టే వాడకెల్లి కొత్తగ కలిసిన ముసలామె ఐలవ్వ, పోయిన కోతపండుగకు బయట గోడ పక్కకు. ఎంత సల్లటి నీడనో! గీయేడు గూడ గట్లనే అయితె మళ్ల చర్చి గడప తొక్కనని ఐలవ్వ అయ్యగారికి చెప్పేసింది. ముందెనుక ఎవ్వలు లేని మనిషి, ఆడికి గూడ రాకుంటె యాడికి పోతది? అయ్యగారు పరేషాన్. బావకు ఫికరే లేదు.

ఇగ నా చేతులు ఊకుంటయా! పోయి బావ చెవుల ఊదిన. కొత్తోళ్లు, పాతోళ్లు అనేది కచ్చా కానూన్ బావా, పక్కా కానూన్ వెట్టు. వేరే దేవుని వాసన తగిలినోళ్లు ఎవ్వలైనా సరే, మొదటి బంతిల కూసోవద్దని చాటు అన్న. బావ మురిసిపోయిండు. ఐతారం నాడు నిలవడి చాటిండు.

పండుగ నాడు యాటకూర ఉడుకుతుంటె, నేను గంటె పట్టుకొని మున్సిఫ్ సాబ్ లెక్క నిలవడ్డ. ఇగ చూడు మజా! రాయమల్లు కూసోవోతుంటె, మొన్న పోశమ్మకు కోడిని కోసిందెవరని అడిగిన. లేసిండు. సత్తమ్మ మనుమని మెడల దర్గా తాయెత్తు దొరికింది. అనసూర్య సమ్మక్క జాతరకు పోయింది. తమాష చూసెతందుకే పోయిన్నని మస్తు వాదించింది గని, తన బరువంత తూచి ఎత్తుబెల్లం తమాషకు ఇస్తరా? తర్వాత నాకు పనే లేదు. లేసి వాకిట్లకు పోయినోళ్లే కూసున్నోళ్లను లేపుతున్నరు!

ఆఖరికి బావ ఒక్కడే మిగిలిండు. చెయ్యి కడుక్కున్నడు. గప్పుడు మా అక్క నోరు జారింది: మనుమనికి బాసర్ల అక్షరాలు దిద్దిపిచ్చింది మీరే గదా అని. బావ ఇస్తారి ఇడిసి లేసిండు. మాట మీద నిలవడే మనిషి, గది ఒప్పుకోవాలె.

ఇగ కానూన్ ప్రకారం మిగిలిందెవరు? ఐలవ్వ! కొత్తగ కలిసింది గద, తప్పు చేసెతందుకు ఆమెకింక సందు దొరకలే. తోల్కచ్చి మొదటి బంతి నడుమ కూసుండవెట్టిన. ఇస్తారి నిండ కూర పోసిన. నవ్వాపుకోలేక కడుపు నొస్తుంది.

ఐలవ్వ ఇస్తారి దిక్కు చూసింది. అటిటు ఖాళీ బంతి దిక్కు చూసింది.

"పోయినేడు బయట ఒక్కదాన్నే. గీయేడు లోపట ఒక్కదాన్నే. ఏం మారింది కైలాసం?"

ఆమె ఇస్తారి రెండు చేతుల పట్టుకొని బయటికి నడిచింది. వాకిట్ల మట్టిల, ఆకలికి నకనకలాడుతున్న జనం నడుమ కూసున్నది. అయ్యగారు ఆమె పక్కకు చతికిలవడ్డడు. ఎనుక మా అక్క, రాయమల్లు, అందరు. వరుస లేదు, బంతి లేదు. బావ గూడ కూసొని బొక్క గుంజుతుండు. నేను ఉరికి ఉరికి వడ్డించిన. చూసినవా అల్లుడా కానూన్ మహిమ? గంత మంది పాపులను ఒక్క దెబ్బకు ఒక్క తాన కూసుండవెట్టింది!

నా వంతు వచ్చెవరకు ఇస్తార్లు ఒడిసినయ్. ఐలవ్వ జర జరిగి జాగ ఇచ్చింది.

"రా బిడ్డా. నా ఇస్తారిల చెయ్యి వెట్టు, శానున్నది."

కూసున్న. కూర వాసన ముక్కుకు కొడ్తుంది. చెయ్యి మాత్రం మోకాలు మీదికెల్లి లేస్తలేదు. ఎంతసేపు? ఒక్క ఊపిరి సేపు, అల్లుడా, గంతే! గని ఎదురుంగ బావ ఉండె. ఆయనవి గద్ద కండ్లు. బొక్క పక్కకు వెట్టి, మెత్తగ అడిగిండు:

"ఏం బామ్మర్ది? గీ కానూన్ నేను వెట్టలే గద."