మా బావ ల్యాప్‌టాప్ కొన్న విధంబెట్టిదనిన

ల్యాప్‌టాప్ కొనడం తెలివితక్కువ పని. ఏ ల్యాప్‌టాప్ కొనాలా అని ఆలోచిస్తూ ఉండిపోవడం మాత్రం మహాభాగ్యం.

నవ్వకండి. కొన్నవాడి బతుకు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. డబ్బా విప్పిన రోజు మురిసిపోతాడు. మర్నాడే అంతకంటే మంచిది బజార్లోకి వస్తుంది. ఇక ఆ తర్వాత అంతా ఏడుపే. కొననివాడికి ఆ బాధ లేదు. బజార్లో ఉన్నవన్నీ అతనివే! పైగా కొననంతకాలం అతను పండితుడు, కొన్న మరుక్షణం వారంటీ కార్డు పట్టుకు తిరిగే మామూలు కస్టమరు.

'ఆలస్యం అమృతం విషం' అన్న పెద్దలకు పాపం ల్యాప్‌టాప్ రివ్యూలు చదివే యోగం లేకపోయింది. ఉంటే ఆ మాట అనేముందు ఇంకో రెండు వీడియోలు చూసేవారు.

నా వాదనకు సాక్షి మా బావ.

మా అక్క రేసు కారు నడుపుతుంది. పెద్ద జట్టులో కాదు, ఒక గ్యారేజీ యజమాని సరదా కొద్దీ నడిపే చిన్న జట్టులో. ఆయన సరదా మనిషే గానీ బరువు విషయంలో మహా పిసినారి. కారు తేలికవుతుందని తలుపు పిడి కూడా పీకించి, దాని స్థానంలో తాడు ముక్క కట్టించాడు. ఆ జట్టులో ఒక మెకానిక్, టైర్లు మోయడానికి నేను, డేటా చూడడానికి మా బావ. కారు ఎక్కడ ఎంత వేగంతో పోయిందో, బ్రేకు ఎక్కడ పడిందో కారులోని ఓ చిన్న పెట్టె గీతలుగా గీసిపెడుతుంది. అక్క సీటు వెనకాల బిగించిన కెమెరా వీడియో తీస్తుంది. ఆ గీతల్నీ వీడియోనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఆలస్యమవుతోందో చెప్పడం బావ పని.

ఎక్కడో అందరికీ తెలుసు. మూడో మలుపులో. ఎందుకో మాత్రం ఎవరికీ తెలియదు.

సీజన్ సగంలో ఉండగా యజమాని అక్కను పిలిచి తాపీగా చెప్పాడు. "అమ్మాయ్, మూడో మలుపులో నీకు అర సెకను జారిపోతోంది. ఆఖరి రేసులోగా తెచ్చుకో. లేకపోతే వచ్చే ఏడు ఆ సీట్లో ఇంకొకళ్ళని కూర్చోబెట్టాలి. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటుంది? ఆ సీటు కోసం అక్క ఎన్నేళ్ళు అరువు హెల్మెట్టుతో, అరిగిన టైర్లతో తిరిగిందో నాకు తెలుసు. ఆ పూట ఆవిడకు భోజనం సయించలేదు. నాకు కూడా సయించలేదు గానీ, పారేయడం ఎందుకని ఇద్దరిదీ నేనే తిన్నాను.

మర్నాడు బావను కూర్చోబెట్టి చెప్పింది. "ఏవండీ, మూడో మలుపు దగ్గర కంచె వెనకాల నిలబడి చూడండి. నేను బ్రేకు ముందే తొక్కేస్తున్నాననిపిస్తే చెయ్యి ఎత్తండి. చెయ్యి కనిపిస్తే తర్వాతి రౌండులో కాస్త ఆగి తొక్కుతాను. అంతే."

"దానికేం, నిలబడతాను. కానీ కంటితో చూసింది లెక్కలోకి రాదోయ్. డేటా కావాలి. డేటా చూడ్డానికి ఈ ల్యాప్‌టాప్ పనికిరాదు," అన్నాడు బావ.

అదీ నిజమే. పాత ల్యాప్‌టాప్‌లో వీడియో పెడితే కారు రెండో మలుపు దాకా ఝామ్మని వచ్చి బిగుసుకుపోయేది. మళ్ళీ కదిలేసరికి అయిదో మలుపులో ఉండేది. మూడో మలుపును మేమెవరమూ చూసిన పాపాన పోలేదు. "ఇంట్లో టీవీ ఉందిగా బావా, దాన్లో చూద్దాం," అన్నాను. "ప్రొఫెషనల్స్ టీవీలో చూడర్రా," అన్నాడు.

ఆ రోజు మొదలైంది మా ఇంట్లో జ్ఞానయజ్ఞం.

ట్రాక్ పక్కన వాడే ల్యాప్‌టాప్ అంటే మాటలా? ఎండలో తెర కనిపించాలి. పాత దాని తెర మీద ఎండలో మా మొహాలు తప్ప ఏమీ కనిపించేవి కావు. బావా మెకానిక్కూ ఒకే నల్ల దుప్పటి కప్పుకుని అందులో దూరి గీతలు చూసేవారు. పక్క జట్టు వాళ్ళు పాపం జలుబు చేసి ఆవిరి పడుతున్నారనుకుని మాత్రలు పంపించారు. పరిశోధన వల్ల ఇరుగుపొరుగుతో స్నేహం పెరగడం అంటే ఇదే కదా!

అందుకని బావ ఏ షాపుకు వెళ్ళినా, నచ్చిన ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తుకుని వీధిలోకి, ఎండలోకి పరుగెత్తేవాడు. వైరు తెగి అలారం మోగేది. సేల్స్‌మన్ వెనకాల పడేవాడు. బావ మాత్రం వీధి మధ్యలో నిలబడి, "ఫరవాలేదు గానీ కొంచెం మెరుస్తోంది," అని తిరిగి చేతికిచ్చేవాడు. కొన్నాళ్ళకు మమ్మల్ని దూరం నుంచి చూడగానే షాపులు తలుపులు మూసుకోవడం మొదలుపెట్టాయి. ఇంత గౌరవం కొన్నవాళ్ళకు దక్కుతుందా?

తర్వాత దుమ్ము. ట్రాక్ పక్కన రబ్బరు పొడి గాలిలో తేలుతుంటుంది, అది ఫ్యానులో దూరితే ల్యాప్‌టాప్‌కు ఊపిరాడదు. ఆ సంగతి తేల్చడానికి స్నేహితుడి దగ్గర ఒకటి అడిగి తెచ్చి, దాని మీద పిండి జల్లించాడు. ఆ తర్వాత కుదుపులు. వ్యానులో వెళ్తుంటే తట్టుకుంటుందో లేదోనని దాన్ని తిరుగుతున్న వాషింగ్ మెషీన్ మీద పెట్టాడు. పరీక్షలో ల్యాప్‌టాప్ తప్పింది. స్నేహం కూడా తప్పింది.

ఇక ఇంటర్నెట్ సలహాదారులు! తెర ముఖ్యమని ఒకడు, ప్రాసెసర్ ముఖ్యమని ఇంకొకడు, బ్యాటరీ లేనిదే బతుకే లేదని మరొకడు. ఒక పెద్దమనిషి 'రేసు కారంటే ఏమిటి?' అని అడిగి, జవాబు వినకుండానే తను కొన్నదే కొనమన్నాడు. అన్నీ చదివి చదివి బావ వాళ్ళకే పాఠాలు చెప్పే స్థాయికి చేరాడు. మెకానిక్ బావను అడిగి ఒకటి కొన్నాడు. మా పళ్ళ డాక్టరు కొన్నాడు. చివరికి యజమాని కూతురు కూడా కొంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని సామెత. మా బావ ఆ తొట్టి పొడవు, వెడల్పు, లోతు పోల్చి చూసుకుని మరీ పడ్డాడు.

అలాగని మాట తప్పాడనుకునేరు. ప్రాక్టీసు ఉన్నప్పుడల్లా ఎండనక, దుమ్మనక వెళ్ళి మూడో మలుపు దగ్గర కంచె వెనకాల నిలబడేవాడు. సాయంత్రం వ్యానులో అక్క అడిగేది. "చెయ్యి ఎత్తలేదంటే బాగానే తొక్కుతున్నానన్నమాట?"

"ఊఁ," అనేవాడు బావ, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

అర సెకను మాత్రం అక్కడే పోతూ ఉంది.

ఆఖరి రేసు దగ్గరకొచ్చేసరికి ప్రపంచంలో రివ్యూలు అయిపోయాయి. ఇక చదవడానికి ఏమీ లేక బావ ల్యాప్‌టాప్ కొన్నాడు.

ఏం ల్యాప్‌టాప్ అండీ అది! రేసు రోజు పొద్దున ప్రాక్టీసు అయ్యాక, ఎర్రటి ఎండలో, దుప్పటి లేకుండా టెంటు ముందు బల్ల మీద పెట్టాడు. తెర మీద మా మొహాలు కాకుండా బొమ్మే కనిపించింది. కారు రెండో మలుపు దాటింది. బిగుసుకుపోలేదు. మా జీవితంలో మొట్టమొదటిసారి మూడో మలుపు చూశాం.

"ఇదిగో, బ్రేకు గీత ఇక్కడ ముందే లేస్తోంది," అన్నాడు బావ గర్వంగా.

"బావా, అక్క తల ఎడమవైపు తిప్పుతోంది," అన్నాను.

సీజన్ సగం నుంచి తీసిన వీడియోలన్నీ పెట్టి చూశాం. ప్రతిదాన్లోనూ అంతే. మలుపు రాగానే బ్రేకు, హెల్మెట్టు ఎడమకు. ఎడమవైపు ఏముంది? బావ బొమ్మను పెద్దది చేశాడు. కంచె ఉంది. కంచె వెనకాల ఒక మనిషి ఉన్నాడు. గళ్ళ చొక్కా. తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆ రోజు కూడా బావ అదే గళ్ళ చొక్కా వేసుకున్నాడు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేం తవ్విన కొండలో మా బావే దొరికాడు.

సరిగ్గా అప్పుడే అక్క చెమట తుడుచుకుంటూ వచ్చి తెర చూసింది. "ఎవరండీ ఈయన?"

బావ గళ్ళ చొక్కాకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మెకానిక్, చేతిలో స్పానరు ఉండగానే, స్పానరు వెతుక్కోవడానికి బయటికి వెళ్ళిపోయాడు.

"చెయ్యి లేచిందో లేదో ఒక్క చూపుకు తెలియడంలేదు. అందుకని కాస్త ఆగి చూస్తున్నాను," అంది అక్క. "ఆగాలంటే బ్రేకు తొక్కాలి కదండీ."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని బావ మొహం చూస్తే అనిపించింది. నాకైతే ఆ క్షణం బావ మీద జాలి కంటే అక్క మీద జాలే ఎక్కువ కలిగింది. అన్నాళ్ళూ లేవని చెయ్యిని నమ్ముకుని, బాగానే నడుపుతున్నాననుకుంది పిచ్చిది.

బావ ల్యాప్‌టాప్ మూసి, ఫోన్ బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులతో కంచె దగ్గరికి నడిచాడు. రేసు మొదటి రౌండులో మూడో మలుపు రాగానే ఆ చెయ్యి ఎంత ఎత్తున లేచిందంటే, వెనకాల కూర్చున్నవాళ్ళు కనిపించడంలేదని కేకలేశారు. రెండో రౌండులో అక్క ఇంకాస్త ఆగి తొక్కింది. ఆ తర్వాత తల తిప్పడమే మానేసింది. "ఎత్తేవాడు ఉన్నాడని తెలిశాక వెతుక్కోవడం దేనికి?" అంది సాయంత్రం.

కప్పు రాలేదు. అర సెకను మాత్రం వచ్చింది, పైన కాస్త చిల్లరతో సహా. సీటు నిలిచింది.

కాబట్టి పాఠకులారా, నా మాట వాపసు తీసుకుంటున్నాను. ల్యాప్‌టాప్ వెంటనే కొనండి! అంత మంచి తెర లేకపోతే, తాను చూడడంలేదన్న సంగతి మా బావకు కనిపించేదా? మీ ఇంట్లో కూడా ఎవరైనా 'కాస్త ఇటు చూడండి' అని అడుగుతుంటే, ఖర్చుకు వెనకాడకండి.

అయితే కథ అక్కడితో ముగిస్తే మా బావను తక్కువ చేసినవాణ్ణవుతాను. కొత్త సీజన్ మొదటి ప్రాక్టీసు రోజు ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "కంచె దగ్గర నుంచి ఉత్త కళ్ళతో చూస్తే సరిపోదురా. మంచి బైనాక్యులర్ కావాలి. ఏది బాగుంటుందో చూస్తున్నాను."

అక్క వింది. కారు ఎక్కబోతూ ఆగి, చెయ్యి చాపింది. బావ ఫోన్ ఆ చేతిలో పెట్టాడు. మెకానిక్ దాన్ని సీటు కింద గట్టిగా టేపు వేసి బిగించాడు.

తలుపు పిడి కూడా బరువేనన్న యజమాని, ఆ ఫోన్ బరువుకు మాత్రం కిక్కురుమనలేదు.