చువ్వలు లేని ఫోటో

ఆ శనివారం పొద్దున దోబ్రిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి బస్సెక్కి జూకి వెళ్లాలి, ఒక్క మంచి ఫోటో తియ్యాలి, దాన్ని ప్రింటు వేయించి సాయంత్రం ఐదులోపు సాంస్కృతిక భవనంలో ఫోటో సంఘం అధ్యక్షుడు అవ్రామోవ్ చేతిలో పెట్టాలి. అంతే. ఈమాత్రం పనికే మనిషికి తెల్లవార్లూ నిద్రపట్టలేదు. గడ్డం గీసుకుంటూ రెండుచోట్ల కోసుకున్నాడు.

దోబ్రిన్ ఊళ్లో నీటి మీటర్లు చూసే ఉద్యోగి. ఏటా మార్చిలో జరిగే జంతువుల ఫోటోల ప్రదర్శనకి పదకొండేళ్లుగా ఫోటో ఇస్తున్నాడు, పదకొండేళ్లుగా అది వెనక్కి వస్తోంది. కారణం ఒక్కటే. ఆ ఊళ్లో చెప్పుకోదగ్గ జంతువులన్నీ జూలోనే ఉన్నాయి, జూలో ప్రతి జంతువు ముందూ ఇనుప చువ్వలున్నాయి. కిందటేడు అవ్రామోవ్ ఫోటోని దీపం కిందికి తీసుకెళ్లి, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "చువ్వలు బ్రహ్మాండంగా వచ్చాయి దోబ్రిన్. వెనకాల ఏదో జంతువు కూడా ఉన్నట్టుంది," అన్నాడు. ఆ మాట ఏడాదిగా దోబ్రిన్ ఒంట్లో ముల్లులా తిరుగుతోంది. ఈసారి కూడా గోడెక్కకపోతే కెమెరా అమ్మేస్తానని భార్య కాలీనా ముందు ఒట్టేశాడు. కాలీనాకి ఆ ఒట్టు చాలా నచ్చింది.

బయల్దేరబోతుంటే వంటింట్లోంచి అత్తగారు స్తోయ్నా ఎర్ర గళ్ల కోటు వేసుకుని వచ్చింది. పన్ను పీకించుకోవడానికి పల్లె నుంచి వచ్చి నాలుగు రోజులైంది. పన్ను గురువారమే ఊడింది, ఆవిడ మాత్రం ఇంకా ఊళ్లోనే ఉంది. తానూ జూ చూస్తానంది. జున్ను పెట్టి చుట్టిన బానిత్సా రొట్టె ఆరు ముక్కలు అప్పటికే సంచీలో పడ్డాయి కాబట్టి ఇక వాదించడానికేమీ లేదు. అసలు చిక్కు మణికట్టు దగ్గర వచ్చింది.

మార్చి ఒకటిన ఊరంతా ఎరుపూ తెలుపూ కలిపి పేనిన దారం చేతికి కట్టుకుంటుంది. దక్షిణం నుంచి తిరిగొచ్చిన మొదటి కొంగ కంటబడ్డాకే దాన్ని విప్పి ఏ చెట్టుకో కడతారు. కనబడ్డ కొంగ ఎగురుతుంటే ఏడాదంతా కాళ్లకి ఎదురుండదు. నిలబడి ఉంటే ఏడాదంతా మంచమే. స్తోయ్నా కిందటేడు వాగొడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగని చూసింది. ఏప్రిల్లో పట్టుకున్న మోకాలు క్రిస్మస్ దాకా వదల్లేదు. డాక్టరు కీళ్ల అరుగుదల అన్నాడు. "ఆ డాక్టరు కొంగని చూశాడా ఏమన్నా?" అని స్తోయ్నా వాదన. ఇప్పుడు జూలో టికెట్ల కిటికీ పక్కనే మూడు కొంగలు రాత్రీ పగలూ నిలబడి ఉంటాయి. జూ కొంగలు లెక్కలోకి రావని దోబ్రిన్ అంటే, కొంగ కొంగేనని ఆవిడ తేల్చేసింది. చివరికి కాలీనా తన నీలం కండువా తీసి తల్లి కళ్లకి గంతలు కట్టింది. దారిలో ఏ పొలంలోనైనా కొంగ నిలబడి ఉండొచ్చని, ఆ కట్టడమేదో ఇంటి గుమ్మంలోనే కట్టి, తానూ వెంట బయల్దేరింది.

బస్సులో ముగ్గురు లేచి స్తోయ్నాకి చోటిచ్చారు. ఆవిడ మూడు చోట్లూ తడిమి, కిటికీ పక్కన కూర్చుంది.

జూ గేటు దగ్గర టికెట్లావిడ ముసలమ్మని చూసి డబ్బు వద్దంది. దోబ్రిన్ అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా లోపల్నించి జూ అధికారిణి మిలూషేవా దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. చూపు లేనివాళ్లు జంతువుల్ని చేత్తో తడిమి తెలుసుకునే ఏర్పాటొకటి ఆవిడ నూతన సంవత్సరం నాడు మొదలుపెట్టిందిట. ఊరూరికీ ఉత్తరాలు రాసిందిట. మూడు నెలలైనా ఒక్క మనిషీ రాలేదుట. ఆవిడ స్తోయ్నా రెండు చేతులూ పట్టుకుని, "అవ్వా, మీ కోసమే ఎదురుచూస్తున్నాం. రండి, మిమ్మల్ని చువ్వల లోపలికి తీసుకెళ్తాను," అంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

చువ్వల లోపలికి. ఆ మాట చెవిన పడగానే దోబ్రిన్ తెరిచిన నోరు తనంతట తానే మూసుకుంది. పదకొండేళ్లు చువ్వలకి ఇవతల నిలబడి మెడ సాచిన మనిషి అతను. కాలీనా మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచింది. అతనికి తెలియలేదు.

"కొంగలు దాటామా?" అని గంతల కిందనుంచి స్తోయ్నా గుసగుసలాడింది.

"ఇంకా లేదత్తయ్యా," అన్నాడు దోబ్రిన్. కొంగలు వెనకబడి అప్పటికి పావుగంటైంది.

స్తోయ్నా అంత అమాయకురాలేం కాదు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో వేడి వేడి పుదీనా టీ ఇచ్చారు, ఎవరో భుజాల మీద శాలువా కప్పారు. నలభై ఏళ్లు ఆవుల దొడ్లో పనిచేసినా ఆవిడకి ఇన్ని మర్యాదలు జరగలేదు. విషయం అర్థమయ్యాక అల్లుడి చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నీకు సిగ్గులేదు అల్లుడూ. వాళ్లది ఎంత మంచి మనసో చూడు. నన్ను జూన్లో వేడినీళ్ల బుగ్గలకి పదిరోజులు తీసుకెళ్తేనే ఈ గంతలు ఉంచుతా," అంది. దోబ్రిన్ పదిహేను రోజులన్నాడు. ఆ క్షణంలో ఆవిడ చంద్రమండలం అడిగినా సరేననేవాడు.

తరవాతి ఐదు గంటలూ అతని కాళ్లు నేల మీద నిలవలేదు. మేకని తీశాడు, గాడిదని తీశాడు, ముళ్లపందిని మాత్రం దూరం నుంచి తీశాడు. ఎటు చూసినా ఒక్క చువ్వ లేదు! బోర్లా పడుకుని తీశాడు, తొట్టి మీదికెక్కి తీశాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగినా చూసుకోలేదు. స్తోయ్నా ప్రతి జంతువునీ పళ్లూ గిట్టలూ తడిమి, దానికేం జబ్బుందో చెప్పేస్తోంది. మేకకి పురుగులున్నాయంది, జూ పశువైద్యుడు చూసి నిజమేనన్నాడు. గాడిద గిట్ట పెరిగిందంది, అదీ నిజమే. ఏం వేళ్లు, ఏం వేళ్లు అని మిలూషేవా ఆశ్చర్యపోతుంటే చుట్టూ జనం పోగవడం మొదలైంది. కాలీనా జనం వెనక్కి వెళ్లి, తనకీ వీళ్లకీ ఏ సంబంధమూ లేనట్టు నిలబడింది.

అప్పుడు ఒంటెని తెచ్చారు. దాని పేరు పాషా. అది తిన్నగా వచ్చి స్తోయ్నా సంచీలో మూతి పెట్టింది. బానిత్సా వాసన అలాంటిది. ఆవిడ గంతలతోనే దాని మూతి మీద ఠపీమని ఒకటిచ్చి, "నా కూతురు తెల్లారి లేచి చేసిందే, నీకెందుకు పెడతా?" అంది. పాషా ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత జానెడు నాలుక బయటపెట్టి గడ్డం నుంచి నుదుటిదాకా, కండువాతో సహా ఆవిడ మొహం మొత్తాన్నీ నెమ్మదిగా నాకింది. స్తోయ్నా పడీ పడీ నవ్వింది. ఊడిన పన్ను సందు కనబడేలా నవ్వింది. ఒంటె కూడా పెదవెత్తింది. దోబ్రిన్ మీట నొక్కాడు.

కెమెరా వెనక తెరలో చూసుకున్నాడు. ముసలమ్మా ఒంటే ముక్కూ ముక్కూ ఆనించుకుని నవ్వుతున్నారు, మధ్యలో ఎండ. అది తన జన్మలో తీసిన గొప్ప ఫోటో అని అతనికి తెలిసిపోయింది. టైము మూడున్నర. ఇక వెళ్లిపోదాం పదండని అత్తగారి మోచెయ్యి పట్టుకున్నాడు.

మిలూషేవా వదిలితేగా. ఇంకొక్కటే మిగిలిందని, అది అవ్వ చేతుల మీదుగానే జరగాలని పట్టుబట్టింది. పనివాడొకడు దేన్నో చంకలో పెట్టుకుని వచ్చాడు. శీతాకాలంలో రెక్క విరిగి దొరికితే కట్టుకట్టి సాకారు, ఇవాళ వదిలేస్తున్నారు. అది ముక్కు టకటకలాడించింది.

స్తోయ్నా కొయ్యబారిపోయింది. పల్లెలో పుట్టిన మనిషికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పాలా. "అల్లుడూ, అది కొంగ కదూ? కూర్చుందా, నిలబడిందా?" అంది పంటిబిగువున. దోబ్రిన్ ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. కళ్లు మాత్రం తెరవొద్దని బతిమాలాడు. ఈలోపు దాన్ని ఆవిడ చేతుల్లో పెట్టేశారు. ఒకటి, రెండు, మూడు అని జనమంతా కలిసి లెక్కపెట్టారు. స్తోయ్నా శక్తికొద్దీ పైకి విసిరింది. మొహానికి గాలి కొట్టింది, చేతులు తేలికైపోయాయి. ఇక ఆవిడ వల్ల కాలేదు. కండువా లాగి పారేసింది.

"చూశాను!" అని కేక పెట్టింది. "ఎగురుతోంది, నా రెండు కళ్లతో చూశాను!"

కొంగ జనం తలల మీద ఒక చుట్టు తిరిగింది. పెద్ద రెక్కలు, ఎర్రటి కాళ్లు, పైన నీలాకాశం. దానికన్నా గొప్ప ఫోటో ఇంకోటుండదు. కానీ ఏడాదిలో మొదటి కొంగ ఎగురుతూ కనబడితే ఆ ఊళ్లో ఎవరైనా చేసేది ఒక్కటే. జనమంతా తలలు పైకెత్తి మణికట్టు ముడులు విప్పుకుంటున్నారు. దోబ్రిన్ కూడా, కెమెరా మెడలో వేలాడుతుండగా, రెండు చేతులతోనూ పంటితోనూ ముడి విప్పుకుంటున్నాడు. అతనికి కెమెరా గుర్తొచ్చేసరికి కొంగ నదివైపు చుక్కయిపోయింది.

తరవాత గానీ జనానికి స్తోయ్నా అన్న మాట బుర్రకెక్కలేదు. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. ఒంటె నాకింది సరిగ్గా కళ్ల మీదేనని ఎవరో అన్నారు. అంతే. అరగంటలో ఆ కబురు బస్సులకన్నా ముందు ఊళ్లోకి వెళ్లిపోయింది. దోబ్రిన్‌కి నిజంగానే భయమేసింది. బెంచీ ఎక్కి, మా అత్తగారికి చూపు మొదట్నించీ ఉందని గొంతు చించుకుని చెప్పాడు. పాపం, సంతోషంతో మతి చెదిరిందన్నారు. కొంగ కోసం కట్టుకున్న గంతలివి అని స్తోయ్నా తానే ఒప్పుకుంది. ఆవిడ వినయానికి ఇంకో ఇద్దరు ఏడ్చారు. మిలూషేవా ఒక్కతే నిజం గ్రహించి వీళ్లని పక్కకి లాగింది. దోబ్రిన్ తల వంచుకుని క్షమాపణ చెప్పాడు. ఆవిడ పాషా దొడ్డి ముందు కడుతున్న వరసని చూసింది. "నేనే రేపు గేటు మీద నిజం రాయించి పెడతాను," అని నిట్టూర్చింది. రాయించింది కూడా. దాన్నెవరూ చదవలేదు.

ఐదుకి పది నిమిషాలుండగా దోబ్రిన్ ఒంటె ఫోటో ప్రింటుతో రొప్పుతూ సాంస్కృతిక భవనం మెట్లెక్కాడు. అవ్రామోవ్ ఫోటోని దీపం కిందికి తీసుకెళ్లాడు. ఈసారి మామూలు కన్నా ఎక్కువసేపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మధ్య గోడకి మేకు తనే కొట్టాడు.

సోమవారం ప్రదర్శన. దోబ్రిన్ కొత్త టై కట్టుకుని తన ఫోటో పక్కన నిలబడ్డాడు. తలుపులు తెరవగానే జనం పోటెత్తారు. మిగతా గోడలవైపు ఒక్కరూ తొంగిచూడలేదు, అందరూ తిన్నగా మధ్య గోడ దగ్గరికే వచ్చారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, కళ్ల మసకలవాళ్లు, కోడలితో పడనివాళ్లు. మధ్యాహ్నానికి ఫోటో కింద కొవ్వొత్తులు వెలిగాయి, మేకుకి ఎరుపూ తెలుపూ దారాలు వేలాడాయి. దోబ్రిన్ ఒక్కొక్కరి మొహంలోకీ ఆశగా చూశాడు. ఆ నవ్వు చూశారా అనో, ఆ ఎండ పడ్డ తీరు చూశారా అనో అడగాలని అతని ప్రాణం కొట్టుకుపోయింది.

ఆ రోజు అతని ఫోటో ముందు మూడువందల మంది నిలబడ్డారు, మూడువందల మందీ కళ్లు గట్టిగా మూసుకునే దండం పెట్టుకుని వెళ్లిపోయారు.