వంద గొంతుల పెట్టె

కరువును పొద్దున్నే చంపి, మధ్యాహ్నంలోగా పొలిమేరలో కాల్చెయ్యాలని ఆ రోజు ఊరివాళ్ల ఏర్పాటు. గడ్డితో బొమ్మ కట్టి, పాడె మీద పడుకోబెట్టి, ఊళ్లోకెల్లా పెద్దవాడి పేరు దానికి పెట్టి ఆడవాళ్లు శోకాలు తీయాలి. పెద్దాయన నిజంగానే పోయాడనుకుని వానదేవుడు కరుగుతాడని నమ్మకం. ఊళ్లో పెద్దవాడు ఎర్రన్న. తన పేరున ఏడవబోతున్నారని ఆయన అరగ్లాసు నీళ్లతో గడ్డం గీసుకుని, పెట్టెలోంచి తెల్ల పంచె తీసి కట్టుకున్నాడు.

చిక్కల్లా ఏడ్చేవాళ్లతోనే వచ్చింది. నాలుగేళ్లుగా శనక్కాయ పైరు ఎండిపోతుంటే సగం ఊరు బెంగళూరుకు కూలికి పోయింది. ఉన్నవాళ్లలో గొంతున్నది తిప్పమ్మ ఒక్కతే. ఇద్దరు ముసలమ్మలకు ఏడుపు మొదలుపెడితే దగ్గు వచ్చేది. నాలుగో మనిషి ఎర్రన్న మనవరాలు వనజాక్షి. పదో తరగతి. బళ్లో పేరు పిలిస్తే పలికే గొంతు సార్‌కు వినబడక, బడికి పోయిన రోజు కూడా పోనట్టే రాసేవారు.

"నోరు తెరువే పిల్లా. మీ తాత సచ్చిపోయినాడనుకో," అంది తిప్పమ్మ.

వనజాక్షి తాత వైపు చూసింది. ఆయన బీడీ ముట్టించుకుంటున్నాడు. ఏడుపు రాలేదు.

అందుకే తనకల్లు నుంచి మైకుసెట్టు శ్రీకాంత్‌ను పిలిపించారు. ఆటోలోంచి హారన్లు, జనరేటరు, ల్యాప్‌టాప్ దిగాయి. చివరికి అతను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక చిన్న పెట్టెను దించాడు. దాని నిండా తిప్పుడు గుండీలు, వెలిగే అంకెలు.

"ఇదేందప్పా, కరెంటు మీటరా?" అన్నాడు ఎర్రన్న.

"కాదు తాతా. వెనకట పెద్ద స్టూడియోల్లో ఒక యంత్రం ఉండె. గొంతును పట్టుకోని, చిటికెసేపు ఆపి, మళ్లా మళ్లా పలికిస్తాది. ట్రాక్టరు కొన్నంత ఖర్చు. ఇప్పుడు దాన్నే అచ్చుగుద్దినట్ల సాఫ్ట్‌వేర్ చేసి కంప్యూటర్లోకి దించినారు. తిప్పేకి మాత్రం ఈ పెట్టె. ఈ పాప గొణిగినా నూరుమంది ఏడ్చినట్ల వస్తాది. అసలుకూ నకలుకూ తేడా ఆ దేవుడు గూడా కనుక్కోలేడు."

"కనుక్కోకుండా ఉంటే చాలు," అన్నాడు ఎర్రన్న.

ఊరికి వాన కంటే ముందు నీళ్లు కావాలి. ట్యాంకర్లు తిప్పే మండల నాయకుణ్ని ఎర్రన్న నలుగురిలో కడిగేసినప్పటి నుంచి ఊరికి ట్యాంకరు రాలేదు. వనజాక్షి రోజూ బిందె మోసుకొచ్చే చేని బోరు కూడా నిన్న నీళ్లకు బదులు గాలి కక్కింది. రేపటికి ఊళ్లో తాగడానికి చుక్క లేదు.

మైకు ముందు వనజాక్షి పెదవులు కదిలీ కదలనట్టు "తాతా" అంది. శ్రీకాంత్ గుండీ తిప్పాడు. ఒక తాత వెనక ఇంకో తాత, దాని వెనక ఇంకోటి, హారన్లలోంచి ఏడుస్తూ బయటికొచ్చాయి. వనజాక్షి భయపడి వెనక్కి జరిగింది. తిప్పమ్మ మైకు లాక్కుంది.

"ఓ ఎర్రన్నా! మమ్మల్ని ఎండలో ఇడ్సిపెట్టి యాడికి పోతివప్పా!"

నూరుమంది తిప్పమ్మలు అడిగారు. కుక్కలు మోర ఎత్తాయి. ఎర్రన్న కళ్లు కూడా తడిశాయి. "ఇంకొంచెం తిప్పు నాయనా," అన్నాడు.

గాలి ఆ ఏడుపును పక్క ఊళ్లకు మోసుకుపోయింది. కాసేపటికి ఊరి మొగదల మోటారుసైకిలు ఆగింది. నాయకుడి మనిషి, ఎదురెళ్లిన తిప్పమ్మతో అన్నాడు:

"ఎర్రన్న పోయినాడంట కదా! సార్ బయల్దేరినాడు. శత్రువైనా పెద్దమనిషి అంటాండాడు. వచ్చే జనానికి నీళ్లు ల్యాకపోతే బాగుండదని మూడు ట్యాంకర్లు పంపిస్తాండాడు."

తిప్పమ్మ నిజం చెప్పబోయి, ట్యాంకర్లనగానే నోరు మూసుకుంది. అతను వెళ్లాక సంగతి విని ఎర్రన్న మండిపడ్డాడు.

"బతికుండంగ కాళ్లరిగేట్ల తిరిగితే చెంబుడు ఇయ్యలేదు. సచ్చినోనికి మూడు ట్యాంకర్లా!"

బీడీ ఆర్పి చెవి వెనక దోపుకున్నాడు. "ఆ గడ్డిబొమ్మను తీసేయండ్రా," అని తానే పాడె మీద పడుకున్నాడు. "బిందెలన్నీ నిండేదాంక నన్ను లేపొద్దు."

ట్యాంకర్లు వచ్చాయి. పక్క ఊళ్ల జనం వచ్చారు. ఆడవాళ్లు ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో బిందెలు పట్టారు. బిందెల తర్వాత బానలు, బానల తర్వాత పశువుల తొట్లు. నాయకుడు పూలదండ వేసి మైకు అందుకున్నాడు. హడావుడిలో శ్రీకాంత్ పెట్టె ఆపడం మరిచిపోయాడు.

"ఎర్రన్న నాకు తండ్రి లాంటోడు."

"లాంటోడు, లాంటోడు, లాంటోడు," అన్నాయి హారన్లు.

నాయకుడికి అది నచ్చింది. ప్రసంగం సాగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎర్రన్న ముక్కు మీద ఈగ వాలితే వనజాక్షి తువ్వాలుతో తోలింది. వంగి, చెవిలో అడిగింది.

"తాతా, నీళ్లు తాగుతావా?"

పెదవులు కదపకుండా ఆయన అన్నాడు: "సచ్చినోనికి దప్పికేందే? బిందెలు నిండినాయా?"

"ఇంకా ఒక ట్యాంకరు ఉండాది."

"అయితే గమ్మునుండు."

కొడుకు బెంగళూరు నుంచి రావాలి, దహనం రేపు అని చెబితే నాయకుడు సరేనని జీపెక్కాడు. జనం కదిలారు. ఖాళీ ట్యాంకర్లు దుమ్ము రేపుకుంటూ పోయాయి. శ్రీకాంత్ జనరేటరు ఆపి, వైర్లు చుట్టి, పెట్టెను ఆటోలో సర్దుకున్నాడు.

వనజాక్షి చెంబుడు నీళ్లు తెచ్చింది. "లెయ్ తాతా. అన్నీ నిండినాయి."

ఆయన లేవలేదు. ఇంకా నటిస్తున్నాడనుకుని ఆమె నవ్వింది. ముఖాన నీళ్లు చిలకరించింది. అవి మూసిన రెప్పల మీంచి జారి చెవిలోకి పోయాయి. చెవి వెనక బీడీ తడిసింది.

అప్పుడు ఆమె గొంతు లేచింది. మైకు లేదు, పెట్టె లేదు. ఆ కేక ఎదురుగుట్టకు తగిలి తిరిగి వచ్చింది.

"చాల్లే ఆపమ్మే, ట్యాంకర్లు పోయినాయి," అంది తిప్పమ్మ, బాన మీద మూత పెడుతూ.

దూరంగా దారిలో పోతున్నవాళ్లు కూడా ఆ ఏడుపు విన్నారు. ఎవరూ వెనక్కి తిరగలేదు. దండ వేయడం ఎప్పుడో అయిపోయింది.

మర్నాడు చితి దగ్గర నలుగురు ఆడవాళ్లు, బస్సు దిగిన కొడుకు, పెట్టె లేకుండా వచ్చిన శ్రీకాంత్. తిప్పమ్మ గొంతు నిన్ననే అయిపోయింది. వనజాక్షి ఒక్కతే ఏడ్చింది. నిప్పు పెట్టి తిరిగి వస్తుంటే మబ్బు పట్టి, ఊరు చేరేలోపు కుండపోతగా వాన దిగింది. నిన్న నిండిన బిందెలన్నీ వాకిళ్లలో పొర్లిపోయాయి.

అసలుకూ నకలుకూ తేడా దేవుడికి బాగానే తెలుసు.