శాలువాకు మనిషి కావలెను

నాచారం శాంతివనం కాలనీలో స్వలింగ ప్రేమికులు గానీ ట్రాన్స్‌జెండర్లు గానీ ఒక్కరూ లేరనీ, అయినప్పటికీ వారిపై వివక్షను వ్యతిరేకిస్తూ ప్రపంచమంతా మే పదిహేడున జరిపే దినాన్ని తామూ ఘనంగా జరుపుతున్నామనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు త్రిమూర్తులు గారు సగర్వంగా ప్రకటించారు. పక్క కాలనీ వాళ్లు యోగా చేసి పేపర్లో పడ్డాక మనం చేతులు కట్టుకుని కూర్చుంటామా మరి!

భారమంతా కార్యదర్శి బసవరాజు నెత్తిన పడింది. సన్మానం లేనిది సభ ఎలా అవుతుంది? ఉప్పల్ వెళ్లి జరీ అంచు శాలువా తెచ్చాడు. ఫ్లెక్సీ కొట్టించాడు. అందులో అధ్యక్షులవారు నిలువెత్తున, కమిటీ వరసగా, మూలన సన్మాన గ్రహీత ఫొటోకు గుండ్రటి ఖాళీ. ఇక మనిషి దొరకడమే తరువాయి.

దొరకలేదు. జిమ్ నడిపే గిరిధర్‌ను "అన్నా, జర నువ్వేమన్న గా టైపా?" అని అడిగి, తన్నులు తినకుండా ఎలాగో బయటపడ్డాడు. చెంగిచెర్లలో ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే ఆశగా పరుగెత్తాడు. తీరా చూస్తే ఆయన పెళ్లి కుదరని లెక్కల మాస్టారు. శాలువా ఉందంటే మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

ఈ అవస్థంతా బసవరాజు కూతురు సాయిప్రియ, ఆ ఇంట్లోనే ఆమెతో ఏళ్లుగా ఒకే గదిలో ఉంటున్న స్నేహితురాలు అమృత చూస్తూనే ఉన్నారు.

"డాడీ, గంత పరేషాన్ ఎందుకు? ఆ శాలువ మాకు కప్పు."

"ఊకో బిడ్డా, పరాచికాలకు ఇదా టైము?"

"పరాచికం కాదు. మేమిద్దరం జంట. కాలనీ ఏమన్న అననీ, 'వీళ్లు మావోళ్లు' అని నువ్వొక్కడివి చెప్పు, చాలు."

బసవరాజు చెంబెడు నీళ్లు తాగాడు. అమృత కళ్లు తుడుచుకోవడం చూసి గుండె తరుక్కుపోయింది.

సభ రోజు అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "మహాజనులారా! ప్రేమకు హద్దులు లేవండీ! కాలనీ గేటు దాకా అసలే లేవు!" అని ఉపన్యసించి, సన్మాన గ్రహీతను వేదిక మీదకు ఆహ్వానించారు.

బసవరాజు ఇద్దరినీ పిలిచి, ఒక్క శాలువానే ఇద్దరి భుజాల మీదా కప్పాడు.

"ఇది నా బిడ్డ. ఇది దాని జంట. ఇద్దరూ నా బిడ్డలే. ఎవలకన్న తక్లీఫ్ ఉంటే నాతోని మాట్లాడుండ్రి!"

త్రిమూర్తులు గారు ముందుగా తేరుకున్నారు.

"ఆహా! మనిషి దొరక్కపోతే సొంత కూతురి చేతే వేషం వేయించాడండీ! ఏం త్యాగమండీ!"

చప్పట్లు మారుమోగాయి.

"వేషం కాదు సార్, నిజం!" అని బసవరాజు గొంతు చించుకున్నాడు. చప్పట్లు రెట్టింపయ్యాయి. ఆటల పోటీల్లో మిగిలిపోయిన కప్పు తెచ్చి, ఉత్తమ నటుడివంటూ బసవరాజు చేతిలో పెట్టారు.

సాయిప్రియ, అమృత అదే శాలువా కప్పుకుని, నవ్వాపుకోలేక ఆయన్ని చెరోవైపు పట్టుకుని ఇంటికి నడిపించారు. గేటు దగ్గర పక్కింటి విజయశ్రీ మెచ్చుకోలుగా ఆపింది.

"మస్తు చేసిన్రు అన్నా! కథనే జర అతి అనిపించింది. గట్లాంటి తండ్రి ఏడన్న ఉంటడా?"