పది బోల్టులు, పది బొట్లు

ఆ ఆదివారం ఉదయం హరనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా ఇంజను బిగించడం, పదింటికి పెసరట్టు తినడం. పటాలం వర్క్‌షాపుల్లో ఇరవై ఎనిమిదేళ్ళు బళ్ళు బాగుచేసి, ఢిల్లీ కంటోన్మెంటులో సుబేదారుగా రిటైరై, ఆ పక్కనే వైశాలిలో ఫ్లాటు కొనుక్కున్న మనిషికి అదో పనా?

పనే. ఇంజను అరిగి బోరుకొచ్చిన అతని కారు నెలరోజులుగా పార్కింగులో బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. కదలని బండిని ఈ ఆదివారం సాయంత్రం అయిదింటికి పాత ఇనుమువాడికి అప్పగిస్తానని సొసైటీ సెక్రటరీ త్యాగీ నోటీసు అంటించాడు. సర్వీసు నుంచి దిగిన రోజున కొన్న కారది. అది పోతే హరనాథ్‌కి అన్నం సయించదు.

ఇంజను మీద మూతలా కూర్చునే సిలిండర్ హెడ్‌కి పది బోల్టులు. ఇష్టమొచ్చినట్టు బిగిస్తే మూత వంకరపోతుంది. నడిమధ్య మొదలుపెట్టి అటొకటీ ఇటొకటీ బిగిస్తూ చివర్లకి రావాలి. అదీ మూడు విడతలుగా. మొదటి రెండు విడతలూ, బిగువు కొలిచే టార్క్ రెంచి టక్కుమనేదాకా. చివరి విడతలో ఒక్కో బోల్టునీ పావు చుట్టు, ఒక్కసారే. రెండోసారి తిప్పితే తెగినా తెగుతుంది. అందుకని తిప్పినదానికల్లా గుర్తు పెట్టాలి. సుద్దముక్క దొరక్క హరనాథ్ దేవుడి అలమరలోని కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు.

చివరి విడతలో నాలుగు బోల్టులకి నాలుగు చుక్కలు పెట్టి అయిదోదాని మీద రెంచి వేశాడో లేదో, సెక్రటరీ పిలుస్తున్నాడని గార్డు వచ్చాడు. త్యాగీ ఆఫీసులో కూర్చోబెట్టి పావుగంటసేపు అదే నోటీసు చదివి వినిపించాడు.

ఈలోగా భార్య సీతారత్నం టీ తెచ్చింది. ఇంజను మీద కుంకుమ బొట్లు చూసి, గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఒక్కనాడు దణ్ణం పెట్టని మనిషి పూజ మొదలుపెట్టాడు! పాపం, మధ్యలో ఎవరో పిలిచినట్టున్నారు. సగంలో ఆపితే అరిష్టం కదా. కళ్ళు తుడుచుకుని మిగతా ఆరింటికీ తనే బొట్లు పెట్టింది. ఆయన పెట్టినవి చిన్నగా ఉన్నాయని వాటినీ దిద్దింది. పక్కింటి ఆంటీ కొబ్బరికాయ తెచ్చింది, పైఅంతస్తువాళ్ళు బంతిపూలు తెచ్చారు. హరనాథ్ వెనకాలే దిగిన త్యాగీ అయితే, చెప్పులు విప్పి బానెట్టుకి తనూ ఓ బొట్టు పెట్టాడు.

హరనాథ్ వంగి ఇంజను చూశాడు. నాలుగు బోల్టులు తిప్పిన సంగతి గుర్తుంది. మరి అయిదోది? తిప్పి, చుక్క పెట్టకుండా లేచాడా, తిప్పకుండానే లేచాడా? చెప్పవలసిన చుక్కేమో పదింటి మీదా ఉంది.

"ఇన్నాళ్ళకి దేవుడు గుర్తొచ్చాడండీ మీకు," అంది సీతారత్నం, కొబ్బరిముక్క అందిస్తూ.

ఆ మొహం చూశాక ఎవరు మాత్రం కసురుకోగలరు? కొబ్బరిముక్క నోట్లో వేసుకుని, అందరూ వెళ్ళేదాకా ఆగి, పది బోల్టులూ వదులుచేయడానికి కూర్చున్నాడు. విప్పినవి మళ్ళీ వాడకూడదు గానీ, ఏదైనా రెండేసి సెట్లు తెచ్చుకోవడం పటాలం అలవాటు కాబట్టి, కొత్త బోల్టులూ, మూత కింద పరిచే కొత్త గాస్కెట్టూ చేతిలో ఉన్నాయి. పెసరట్టు సంగతి మర్చిపోయాడు.

పదో బోల్టు పైకి తీసేసరికి దాని కొసనుంచి నూనె బొట్లుబొట్లుగా కారింది. బోల్టులు దిగే రంధ్రాలన్నీ తుడిచానని అనుకున్నాడు గానీ, ఆ మూలది వదిలేశాడు. ఆ బోల్టు బిగిసినట్టు టక్కుమన్నది, నూనె మీద కూర్చుని. నూనె అణగదు గనక, ఇంకో పావు చుట్టు తిప్పి ఉంటే కింద ఇంజను బ్లాకే పగిలి, కారు నిజంగానే పాత ఇనుమయ్యేది.

రంధ్రాలన్నీ రెండేసిసార్లు తుడిచి, మొదటినుంచీ బిగించాడు. అయిదుకి పది నిమిషాలుందనగా బండి స్టార్టయింది.

"నువ్వు ఆ బొట్లు పెట్టబట్టి దక్కింది, రత్నం. నీకు దణ్ణం పెట్టాలి," అన్నాడు. ఆ మాట మనసులోంచి వచ్చింది.

"నాకెందుకు? పైవాడికి పెట్టండి," అందామె. హరనాథ్ చేతులు జోడించాడు. ఆయన మాత్రం ఆమె వైపే తిరిగి ఉన్నాడు.

అయిదింటికి పాత ఇనుమువాడిని వెంటబెట్టుకొచ్చిన త్యాగీ, బానెట్టు మీద తను పెట్టిన బొట్టు చూసుకుని, పూజ చేసిన బండిని ఎలా ఇస్తామని అతన్నే కసిరి పంపేశాడు.

ఇకమీదట ఇలాంటి తికమక వద్దని, బోల్టులకి గుర్తు పెట్టుకోవడానికి హరనాథ్ మర్నాడే తెల్లరంగు డబ్బా కొన్నాడు. సాయంత్రానికి దాంతో సీతారత్నం బానెట్టు మీద ముగ్గు వేసింది.